ఊళ్లో లేని సెలవులు

వియ్యపురాలు వచ్చే రోజున నాయనమ్మకు పొద్దుటి నుంచే ఏ పనీ సవ్యంగా సాగదు. ఈ ఏడూ అంతే. ఎవరిదో పొడుగు కోటుకు కొత్త జిప్పు వేస్తూ తలకిందులుగా కుట్టేసింది. విప్పి మళ్ళీ కుడుతుంటే మిషన్లో సూది విరిగింది. ఆ సూది మారుస్తుండగా వీధిలోంచి మనవరాలి కేక వినబడింది.

"నాయనమ్మా! అమ్మమ్మ వచ్చేసింది!"

తొమ్మిదేళ్ళ ఆ పిల్లను ఇంటిల్లిపాదీ పిచ్చుక అనే పిలుస్తారు. నిద్ర లేచింది మొదలు నోరు మూయదు గనక ఆ పేరు. ఆ కేకలోని సంబరం చెవిన పడగానే నాయనమ్మకు లోపల ఎక్కడో కలుక్కుమంది. తను రోజూ కనబడుతుంది. రోజూ కనబడేదాన్ని చూసి ఎవరు కేకలు పెడతారు?

ఇంటి కింది గదే ఆమె దుకాణం. పాత కోట్లు బాగుచేయడం ఆమె పని. చలి మొదలైందంటే జిప్పులు, గుండీలు, చిరిగిన లోపలి గుడ్డలు, తెల్లారేసరికి గోడ పొడుగునా కోట్లే. పైన రెండు గదుల్లో కొడుకు, కోడలు, పిచ్చుక, తను ఉంటారు. కొడుకు బస్సు నడుపుతాడు. కోడలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఇద్దరూ తెల్లవారకముందే వెళ్ళిపోతారు. పిచ్చుకను లేపడం, నీళ్ళు కాచడం, రెండు జడలు వేయడం, తప్పిపోయిన సాక్సు వెతకడం అన్నీ నాయనమ్మ వంతు. కిందటేడు గవదబిళ్ళలు వస్తే వారం రోజులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నదీ ఆమే.

అమ్మమ్మ ఏడాదికొక్కసారి చలికాలపు సెలవులకు వస్తుంది. పది రోజులుంటుంది. ఆ పది రోజులూ పిచ్చుకకు నాయనమ్మ గోడమీది గడియారంతో సమానం. టైము కావాలంటే తప్ప తలెత్తి చూడదు.

"బాగున్నారా వదినగారూ?" అంటూ అమ్మమ్మ లోపలికొచ్చింది. ముప్పై ఏళ్ళు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ళ రాకపోకలు చెప్పి రిటైరైన మనిషి. గొంతు ఇప్పటికీ గంట కొట్టినట్టుంటుంది. ఆ గొంతుతో ఆమె ఉప్పు అందించమన్నా పిచ్చుక నోరు తెరుచుకుని వింటుంది.

"ఏదో, మీ దయవల్ల. చిక్కిపోయారే వదినగారూ!" అంది నాయనమ్మ. నిజానికి అమ్మమ్మ నిరుటికంటే ఒక చుట్టు లావైంది.

పిచ్చుక అప్పటికే అమ్మమ్మ పెట్టె తెరిచేసింది. గుడ్డలో చుట్టిన లాంతరు బయటికి తీసి గుండెకు హత్తుకుంది. ఏటా ఆ లాంతరు వస్తుంది, వచ్చిన సాయంత్రమే మేడమీది కిటికీలో వెలుగుతుంది, దాని పక్కన కూర్చుని అమ్మమ్మ కబుర్లు చెబుతుంది. కిందినుంచి వెళ్ళేవాళ్ళు తలెత్తి చూసి, "మీ కిటికీలో దీపం ఎంత బాగుందో!" అని నాయనమ్మతోనే అంటారు. నాయనమ్మ "మా వియ్యపురాలిది" అని పొడిగా చెప్పి, చేతిలోని కోటు గుండీ బలంగా లాగి చూస్తుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర పిచ్చుక బడినుంచి తెచ్చిన కాగితం చదివింది. సెలవులు ఇచ్చే ముందురోజు మధ్యాహ్నం క్లాసులో ఒక కార్యక్రమం ఉంది. చలికాలపు సెలవుల్లో తమ ఇంట్లో ఏటా చేసే పని గురించి ప్రతి పిల్లా చెప్పాలి, దానికి సంబంధించిన వస్తువు ఒకటి తేవాలి. ఏం చేస్తారో చెబితే సరిపోదు. ఎందుకు చేస్తారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకుని మరీ చెప్పాలి. పెద్దవాళ్ళు కూడా రావచ్చు.

"నాకు తెలుసు, నేను లాంతరు పట్టుకెళ్తాను!" అంది పిచ్చుక. "అమ్మమ్మా, ఎందుకో ఇంకోసారి చెప్పవూ?"

అమ్మమ్మ అన్నం ముద్ద పళ్ళెంలో పెట్టి మొదలుపెట్టింది. "మా నాన్న పట్టాల మీద నడిచి మేకులు, బోల్టులు చూసే మనిషి. పొద్దు వాలాక ఇంటికొచ్చేవాడు. రైల్వే వాళ్ళ ఇళ్ళన్నీ ఒక్కలాగే ఉండేవి. పొగమంచులో ఏది ఎవరిదో తెలిసేది కాదు. రెండుసార్లు పక్కింట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుని, పీట వాల్చుకుని కూర్చున్నాడు కూడా."

పిచ్చుక పకపకా నవ్వింది. ఈ చోటికి రాగానే ఏటా నవ్వుతుంది.

"అందుకని మా అమ్మ కిటికీలో లాంతరు పెట్టడం మొదలెట్టింది. దీపమున్న ఇల్లే మనది అని ఆయనకు గుర్తు. ఆయన పోయాక కూడా మానలేదు. ఇంటికి రావలసినవాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు కదా అనేది."

కొడుకూ కోడలూ కూడా తినడం ఆపి వింటున్నారు. నాయనమ్మ పళ్ళెం పక్కకు నెట్టింది.

"ఏం, మన వైపు ఏమీ లేనట్టు! ఒక్క లాంతరేనా లోకంలో?" అంది.

పిచ్చుక అమాయకంగా చూసింది. "మనకేముంది నాయనమ్మా? సెలవుల్లో నువ్వు కోట్లు కుడతావు. అంతేగా?"

తల కొట్టేసినట్టయింది నాయనమ్మకు. పిల్ల మాటలో ఎకసెక్కం లేదు. ఉంటే కొంత నయంగా ఉండేది.

"కోట్లు ఇప్పుడు కుడుతున్నాను. నా చిన్నప్పుడు సెలవులొస్తే మేం సముద్రానికి వెళ్ళేవాళ్ళం," అంది ఆమె.

"సముద్రానికా!"

"ఏటా. అమ్మ, నాన్న, మేం అయిదుగురు పిల్లలం. రైల్లో. చలికాలంలో సముద్రం దగ్గర జనం ఉండరు, ఒడ్డంతా మనదే. ఒక్కొక్కళ్ళం ఒక్కో రాయి ఏరుకొచ్చేవాళ్ళం. తెల్లటిది, గుండ్రటిది. ఏడాది పొడుగునా దాన్ని దాచుకోవాలి. ఎందుకంటే... ఎక్కడున్నా మళ్ళీ అందరం కలిసి వెళ్ళాలని."

ఆ మాటలు ఎక్కడా తడబడకుండా వచ్చాయి. నిజానికి ఆమె చిన్నతనంలో సముద్రం మొహం చూసి ఎరగదు. కానీ ఆ కథ అప్పటికప్పుడు పుట్టింది కాదు. యాభై ఏళ్ళ కిందట, సెలవులయ్యాక బడి తెరిచిన ప్రతిసారీ ఇదే కథ, ఇవే మాటల్లో చెప్పి చెప్పి నాలుకకు అలవాటైపోయింది.

"ఆ రాయి ఉందా నీ దగ్గర?"

ఆమె కిందికి వెళ్ళి, గుడ్డ కత్తిరించేటప్పుడు కదలకుండా పైన పెట్టుకునే తెల్లరాయి తెచ్చి పిచ్చుక చేతిలో పెట్టింది. పక్కవీధిలో రోడ్డు వేస్తున్నప్పుడు ఏరుకున్న రాయి అది.

పిచ్చుక దాన్ని చెంపకు ఆనించుకుంది. చెవి దగ్గర పెట్టుకుని విన్నది. లాంతరు వైపు ఒకసారి, రాయి వైపు ఒకసారి చూసి, "అమ్మమ్మా, నీకు కోపం రాదు కదా? నేను ఇది తీసుకెళ్తాను. లాంతరు కిందటేడు అందరూ చూశారు," అంది.

"నాకెందుకే కోపం?" అంది అమ్మమ్మ. గంటలాంటి గొంతు కాస్త బొంగురుపోయింది.

ఆ రాత్రి నాయనమ్మకు చాలా హాయిగా నిద్ర పట్టింది.

మర్నాడు ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ అమ్మమ్మ మామూలుగా అడిగింది. "వదినగారూ, మీరు పుట్టిన ఊరినుంచి సముద్రానికి పోయే లైనంటే వంతెన మీదుగా వెళ్ళేదేనా?"

"ఆ, అదే," అంది నాయనమ్మ.

"అదా." అమ్మమ్మ ఏదో అనబోయి గ్లాసులోకి చూసింది. "మంచి లైను," అని ఊరుకుంది.

నాయనమ్మ గ్లాసు పట్టుకుని దుకాణంలోకి దిగిపోయింది. ఈవిడకు ఏమైనా తెలుసా? తెలిస్తే ఎందుకు అనలేదు? దాచిపెట్టి సమయం చూసి అంటుందా? ఆ రోజంతా మిషను తొక్కుతూ ఇదే ఆలోచన. పైనుంచి అమ్మమ్మ, పిచ్చుకల నవ్వులు వినబడినప్పుడల్లా తన గురించేనేమో అనిపించింది. రెండుసార్లు పనేమీ లేకపోయినా మెట్లెక్కి వెళ్ళి చూసింది. ఒకసారి ఇద్దరూ బొమ్మలు గీస్తున్నారు. ఇంకోసారి అమ్మమ్మ పిచ్చుక గోళ్ళు తీస్తోంది. గోళ్ళు తీయడం ఆదివారం తన పని. ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రాల్లో మాత్రం పిచ్చుక కింద దుకాణంలోకి వచ్చి కూర్చునేది, క్లాసులో చెప్పాల్సింది అప్పజెప్పడానికి. ఆ పిల్ల ప్రశ్నలకు అంతు లేదు. రైల్లో ఎవరు కిటికీ పక్కన కూర్చునేవారు? మిగతా నాలుగు రాళ్ళు ఎవరి దగ్గరున్నాయి? సముద్రం చల్లగా ఉండేదా? నాయనమ్మ ఒక్కో దానికి ఒక్కో జవాబు చెప్పింది. చెబుతున్నకొద్దీ పిచ్చుక ఆమె మోకాలి మీదికి జరిగి జరిగి వచ్చింది. ఆ బరువు కోసం ఇంకో పది అబద్ధాలైనా ఆడేదే.

కార్యక్రమం రోజున నాయనమ్మ తన మంచి శాలువా కప్పుకుంది. అమ్మమ్మ కూడా బయలుదేరింది. కొడుకూ కోడలూ డ్యూటీలో ఉన్నారు. ఇద్దరు వియ్యపురాళ్ళూ క్లాసు వెనకాల, పిల్లల చిన్న కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. నల్లబల్ల మీద టీచరు పెద్ద అక్షరాలతో "ఎందుకు?" అని రాసిపెట్టింది.

ఒక్కొక్కరే వచ్చి చెబుతున్నారు. ఒక పిల్లవాడు తాత టోపీ తెచ్చాడు. సెలవుల మొదటి రోజున ఇంట్లో అందరూ వంతులవారీగా దాన్ని పెట్టుకుంటారట. "ఎందుకు?" అని టీచరు అడిగింది. "తాత పెట్టుకునేవాడు కాబట్టి." "తాత ఎందుకు పెట్టుకునేవాడు?" వాడు బుర్ర గోక్కుని, "బట్టతల కదండీ, చలేస్తుంది," అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. టీచరూ నవ్వింది కానీ అక్కడితో వదల్లేదు. "మరి ఇప్పుడు మీ ఇంట్లో ఎవరికీ బట్టతల లేదు కదా?" అంది. వాడు టోపీని ముక్కు దగ్గర పెట్టుకుని, "పెట్టుకుంటే తాత వాసనొస్తుంది," అన్నాడు. అప్పుడెవరూ నవ్వలేదు.

పిచ్చుక వంతు వచ్చింది. రాయిని అరచేతిలో పెట్టుకుని రైలు, కిటికీ, ఎవరూ లేని ఒడ్డు, అయిదు రాళ్ళు, అన్నీ చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది. చివర్లో వెనక్కి చూసి, "అది మా నాయనమ్మ!" అని వేలు చూపింది. చప్పట్లు మోగాయి. నాయనమ్మ నిటారుగా కూర్చుని, ఓరకంట వియ్యపురాలి వైపు చూసింది. ఆవిడా చప్పట్లు కొడుతోంది.

తర్వాత ఒక బక్కపల్చటి అమ్మాయి లేచింది. స్వెటరు మోచేతి దగ్గర వేరే రంగు ఊలుతో అల్లి ఉంది. చేతుల్లో ఏమీ లేదు.

"నువ్వేం తెచ్చావమ్మా?" అంది టీచరు.

ఆ పిల్ల కిందికి చూసింది. "మేం... మేం కూడా సముద్రానికి వెళ్తామండీ."

"మీ ఇంట్లో అందరూనా?"

"ఆఁ. రైల్లో. ఏటా. రాయి తెద్దామనుకున్నాను, మర్చిపోయాను."

ముందు వరసలోంచి ఒకడు లేచాడు. "అబద్ధమండీ! వీళ్ళమ్మ ఆసుపత్రిలో బట్టలుతుకుతుంది. సెలవుల్లో కూడా డ్యూటీయే. కిందటేడు సెలవులన్నీ ఈ అమ్మాయి మెట్ల మీద ఒక్కతే కూర్చుంది, నేను రోజూ చూశాను!"

"అబద్ధాలకోరు!" అని ఇంకెవరో అన్నారు. ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. టీచరు "ష్!" అని గద్దించేలోపే ఆ పిల్ల మొహం ఎర్రబడి, పెదవి వణికి, కళ్ళనుంచి నీళ్ళు జారాయి. ఏడుపు వినబడకుండా స్వెటరు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

నాయనమ్మ లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. చిన్న కుర్చీ వెనక్కి పడి చప్పుడైతే అందరూ అటు తిరిగారు.

"ఆ పిల్లను ఏమీ అనకండి. నేను చెప్పిందీ అబద్ధమే," అంది.

పిచ్చుక రాయిని గుప్పిట్లో దాచేసింది.

"మేం ఏ సముద్రానికీ వెళ్ళలేదు. ఆ రాయి రోడ్డు పక్కది." ఆమె శాలువా కొంగు వేళ్ళకు చుట్టుకుంది. "మాకూ ఒక అలవాటుండేది సెలవుల్లో. కానీ చెప్పుకోవడానికి సిగ్గేసి..."

"ఏమిటండీ అది?" అని టీచరు మెల్లగా అడిగింది.

"సెలవులొస్తే ఇరుగూపొరుగూ ఒకళ్ళింటికి ఒకళ్ళు వెళ్ళేవాళ్ళు, ఏదో ఒకటి చేత పట్టుకుని. వచ్చినవాళ్ళకు మళ్ళీ మనం ఏదైనా పెట్టాలి. మా ఇంట్లో పెట్టడానికి ఉండేది కాదు. అందుకని మా అమ్మ మొదటి రోజునే కిటికీకి దుప్పటి కట్టేసి, తలుపు గడియ వేసి, మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చెప్పేది. 'ఇవాళ్టినుంచీ మనం ఊళ్లో లేం. సముద్రానికి వెళ్ళాం' అని."

"ఇంట్లోనే ఉండా?" అన్నాడు టోపీ కుర్రాడు.

"ఇంట్లోనే. గుసగుసగా మాట్లాడాలి, మునివేళ్ళ మీద నడవాలి. తలుపు చప్పుడైతే రాయిలా ఆగిపోవాలి. మా తమ్ముడికి నవ్వొస్తే నోట్లో దిండు కుక్కేవాళ్ళం. మంచం రైలు. అమ్మ ఒక్కో స్టేషనూ చెప్పేది. మంచం దిగితే సముద్రం. గచ్చు చల్లగా ఉండేది కదా, నీళ్ళు తగిలినట్టే ఉండేది. నాలుగు రోజులు అలా ఉండి, అయిదో రోజున దుప్పటి తీసి, 'వచ్చేశాం' అనేది. బడికెళ్ళి మేం సముద్రం కబుర్లు చెప్పేవాళ్ళం. అందరూ నమ్మేవారు."

పిల్లలు కుర్చీల్లో ముందుకు వంగారు. "దగ్గొస్తే?" "బయటికెళ్ళాలంటే?" "ఎవరికీ దొరకలేదా?" అని ప్రశ్నల మీద ప్రశ్నలు. నాయనమ్మ జవాబులు చెప్పింది. ఏడుస్తున్న పిల్ల కూడా చెయ్యి దించి వింటోంది.

టీచరు నల్లబల్ల మీది అక్షరాల వైపు చూపించింది. "మరి ఎందుకండీ?"

నాయనమ్మ పడిన కుర్చీని లేపి నిలబెట్టింది. "పెద్దయ్యేదాకా ఆటే అనుకున్నాను. పదమూడో ఏట, తలుపు అవతల పక్కింటావిడ పిలుస్తుంటే, అమ్మ మొహం చూశాను. ఆవిడకు ఆట కాదు. సిగ్గుతో చచ్చిపోతోంది. ఆ సిగ్గు మాకు అంటకూడదని ఆటగా మార్చింది." ఆమె బక్కపల్చటి పిల్ల వైపు తిరిగింది. "నువ్వు చేసిందీ అలాంటిదేనమ్మా. నా అబద్ధం విని చేశావు. తప్పు నాది."

టీచరు ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "ఆ మెట్ల మీద కూర్చుని ఏం చేసేదానివి?" అని అడిగింది. పిల్ల ముక్కు తుడుచుకుంది. "అమ్మ వచ్చే బస్సు కోసం లెక్కపెట్టేదాన్నండీ. ఏడో బస్సులో వస్తుంది. దిగగానే నా చేతులు తన జేబుల్లో పెట్టుకుంటుంది. వెచ్చగా ఉంటాయి." "ఏటా?" "ఆఁ. రోజూ." "అయితే అదే మీ ఇంటి అలవాటు. ఎందుకో కూడా చెప్పేశావు," అంది టీచరు.

ఇంటికి వచ్చే దారిలో పిచ్చుక అమ్మమ్మ చెయ్యి పట్టుకుని నడిచింది. నాయనమ్మ చెయ్యి చాపితే తన చెయ్యి జేబులో పెట్టేసుకుంది.

"అందరి ముందూ నన్ను అబద్ధాలకోరుని చేశావు," అంది గుమ్మం దగ్గర. ఆ పైన రెండు రోజులు మాట లేదు. జడ అమ్మమ్మే వేసింది. పక్క అమ్మమ్మ దగ్గరే. పైన లాంతరు వెలుగులో ఇద్దరి గుసగుసలు. నాయనమ్మ కింద కూర్చుని కోటు తర్వాత కోటు కుట్టింది. తప్పు తనదేనని తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా? కళ్ళముందు అమ్మమ్మ వేసిన జడలు ఊగుతున్నాయి. పాయలు వదులుగా, ఒకటి పైకీ ఒకటి కిందికీ. అది చూసి కొంచెం తృప్తిపడింది కూడా.

మూడో రోజు పొద్దున అమ్మమ్మ రెండు గ్లాసులతో కిందికి వచ్చి, కోట్ల మధ్య స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆ వంతెన లైను చలికాలంలో మూసేసేవారు వదినగారూ. మూడు నెలలు మరమ్మతులు. మా నాన్న పని అదే," అంది.

నాయనమ్మ మిషను ఆగిపోయింది. "అంటే మీకు ముందే తెలుసు."

"ఆ మర్నాడే తెలిసింది."

"మరి అనలేదేం? నా పరువు కాపాడదామనా?"

అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది. "అంత మంచిదాన్ని కాదు. క్లాసులో ఎవరో ఒకరు పట్టుకుంటారని ఆశపడ్డాను. పిల్ల మళ్ళీ నా లాంతరు దగ్గరికే వస్తుందని." కాఫీ ఊదుకుంది. "మీకేం వదినగారూ, ఏడాదంతా మీదే. మీరు జడ వేస్తుంటే అది కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చేస్తుంది, మీకు తెలుసా? నా దగ్గర కట్టెలా కూర్చుంటుంది. 'నాయనమ్మ ఇలా లాగదు' అంటుంది. పది రోజుల కోసం ఏడాది పొడుగునా కబుర్లు పోగుచేసుకుంటాను నేను. లాంతరు లేకుండా వస్తే నా మొహం చూస్తుందా అని భయం."

తనను చూసి ఎవరైనా కుళ్ళుకుంటారని నాయనమ్మ ఏనాడూ అనుకోలేదు. ఆ ఊహ కొత్తగా ఉంది. నిజం చెప్పాలంటే బాగానే ఉంది.

"జడ మరీ వదులుగా వేస్తున్నారు. మధ్యపాయ గట్టిగా పట్టుకోవాలి," అంది చివరికి.

"నేర్పండి మరి," అంది అమ్మమ్మ.

ఆ మధ్యాహ్నం పిచ్చుక తనంతట తనే మెట్లు దిగి వచ్చింది. వెనకాల స్వెటరు పిల్ల. ఆసుపత్రి నుంచి తల్లి వచ్చేదాకా మెట్ల మీద ఎందుకని ఇంటికి తీసుకొచ్చిందట. పిచ్చుక నాయనమ్మ మొహం చూడకుండా, గోడమీది కోట్లతో చెబుతున్నట్టుగా అంది: "దుప్పటి ఎక్కడుంది? మేం ఊరెళ్తున్నాం. ఎలా వెళ్ళాలో ఎవరైనా చెప్పాలి."

నాయనమ్మ లేచి దుకాణం తలుపు మూసింది. కిటికీకి దుప్పటి కట్టింది. కత్తిరింపుల బల్ల రైలైంది. అందరూ ఎక్కి, ఇస్త్రీకి సిద్ధంగా ఉన్న కోట్లు కప్పుకుని కూర్చున్నారు.

"స్టేషన్లు అమ్మమ్మ చెప్పాలి. సముద్రం వచ్చాక నాయనమ్మ చెప్పాలి," అని పిచ్చుక హుకుం జారీ చేసింది.

అమ్మమ్మ గుసగుసగా మొదలుపెట్టింది. గుసగుసలో కూడా ఆ గొంతు గొంతే. పిల్లలిద్దరూ గుడ్లప్పగించి వింటున్నారు. ఒక స్టేషను వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది. అక్కడ ఇంజన్లో నీళ్ళు పట్టారు. మరో చోట ఎదురు బండి కోసం ఆగారు. నాయనమ్మ పెదవులు బిగించి కూర్చుంది. ఎనిమిదో స్టేషను దగ్గర ఇక ఆగలేకపోయింది.

"వదినగారూ, ఇది ఎక్స్‌ప్రెస్సా, ప్యాసింజరా?"

"ప్యాసింజరే వదినగారూ. అన్ని చోట్లా ఆగుతుంది," అంది అమ్మమ్మ కదలకుండా.

అప్పుడే తలుపు చప్పుడైంది. "అమ్మా! నా కోటు అయిందా?" అని ఎవరిదో గొంతు. నలుగురూ బిగుసుకుపోయారు. పిచ్చుక పొట్ట అదరడం మొదలైంది. స్వెటరు పిల్ల చటుక్కున ఒక కోటు చెయ్యి తీసి పిచ్చుక నోట్లో కుక్కింది. "ఊళ్లో లేరేమో," అని గొణుక్కుంటూ ఆ మనిషి వెళ్ళిపోయాడు. అతని కోటే అందరి ఒళ్ళోనూ పరిచి ఉంది.

పిచ్చుక నవ్వి నవ్వి నాయనమ్మ మీదికి ఒరిగిపోయింది. ఒరిగింది ఒరిగినట్టే ఉండిపోయింది. నాయనమ్మ కదల్లేదు, కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు. సముద్రం వచ్చేసరికి చీకటి పడింది. ఆమె తన తల్లి మాటల్లోనే సముద్రం చెప్పింది.

అసూయ అంతటితో పోయిందా అంటే పోలేదు. సెలవులు ముగిసి అమ్మమ్మ వెళ్ళే రోజున పిచ్చుక గుమ్మంలో ఆవిడ నడుము పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను చస్తేనైనా ఇంత ఏడుస్తుందా అనుకుంది నాయనమ్మ. అనుకుంటూనే, తన నోటినుంచి ఏనాడూ రాని మాట అంది.

"ఇంకో నాలుగు రోజులుండి వెళ్ళకూడదూ వదినగారూ?"

అమ్మమ్మ చేతిలోని పెట్టె కింద పెట్టి ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. "నిజంగా అంటున్నారా?"

నాయనమ్మ అబద్ధమాడదలచుకోలేదు. "సగం నిజం," అంది.

"అయితే రెండు రోజులుంటాను," అని అమ్మమ్మ చెప్పులు విడిచి లోపలికి నడిచింది.